బంగారు తీగలో ముప్పై ఏళ్ళ చిక్కుముడి

పాతకాలపు తీగ బల్బులు ఎప్పుడు మాడిపోయేవో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి. హాయిగా వెలుగుతూ ఉండగా పోయినవి తక్కువ. స్విచ్చి వేసీ వేయగానే ఒక్క మెరుపు మెరిసి టప్పున పోయినవే ఎక్కువ. దీనికి కారణం మీ పాఠంలో ఉన్నదే. బల్బులోని టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం తక్కువ. తెల్లగా కాలుతున్నప్పుడు అది పది రెట్లకు పైగా ఎక్కువ. అందుచేత స్విచ్చి వేసిన తొలి క్షణంలో విద్యుత్తు ఒక్కుమ్మడిగా దూసుకువస్తుంది. అప్పటికే ఎక్కడో ఒకచోట సన్నబడి ఉన్న తీగ ఆ ధాటికి ఆగలేదు.

లోహాన్ని వేడిచేస్తే నిరోధం పెరుగుతుంది. చల్లబరిస్తే తగ్గుతుంది. ఇంతవరకూ పేచీ లేదు. మరి చల్లబరుస్తూ, ఇంకా చల్లబరుస్తూ పోతే ఏమవుతుంది?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు మూడు రకాల జవాబులు చెప్పేవారు. నిరోధం తగ్గుతూ తగ్గుతూ సున్నా అవుతుందని కొందరన్నారు. కొంతవరకు తగ్గి అక్కడ నిలిచిపోతుందని మరికొందరన్నారు. లార్డ్ కెల్విన్ మాత్రం, అంత చలిలో ఎలక్ట్రాన్లు కూడా గడ్డకట్టుకుపోతాయి గనుక నిరోధం మళ్ళీ పెరిగి అనంతం కావాలన్నాడు. ఎవరి వాదం వారికి సబబుగానే ఉంది. తేల్చుకోవాలంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు, అంటే సున్నాకు దిగువన 273 సెంటీగ్రేడు డిగ్రీలకు, వీలైనంత దగ్గరగా పోవాలి.

ఆ దారి తెరిచినవాడు హాలండులోని లైడెన్ నగరంలో పనిచేసిన కామర్లింగ్ ఓన్స్. ఆయన 1908లో హీలియం వాయువును ద్రవంగా మార్చాడు. ద్రవ హీలియం మరిగే ఉష్ణోగ్రత పరమశూన్యానికి కేవలం 4.2 డిగ్రీల పైన. (పరమశూన్యం నుంచి లెక్కపెట్టే డిగ్రీలను కెల్విన్‌లంటారు. ఈ వ్యాసంలో ఇక ముందు అన్నీ అవే.) 1911లో ఆయన పాదరసాన్ని చల్లబరిచి చూస్తే దాని నిరోధం సుమారు 4.2 కెల్విన్ దగ్గర ఉన్నట్టుండి మాయమైంది. అదే అతివాహకత్వం. దాని కథ మీలో చాలామంది వినే ఉంటారు.

బంగారం అట్లా చేయలేదు. రాగీ చేయలేదు. వాటి నిరోధం తగ్గి, తగ్గి, ఒకచోట నిలిచింది. ఎందుకు నిలిచిందో చెప్పడం కష్టం కాదు. లోహంలో ఎలక్ట్రాన్ల ప్రయాణానికి అడ్డంకులు రెండు. మొదటిది పరమాణువుల వణుకు. లోహపు స్ఫటికంలో పరమాణువులు బారులు తీరి ఉంటాయి. వేడి ఎక్కువైన కొద్దీ అవి అటూ ఇటూ కంపిస్తూ ఎలక్ట్రాన్ల దారికి అడ్డం వస్తాయి. చలిలో ఈ వణుకు తగ్గిపోతుంది. మన వణుకుకు ఇది సరిగ్గా తిరగబడిన సంగతి! రెండో అడ్డంకి మలినాలు. ఎంత మేలిమి బంగారమైనా అందులో లక్షకో పదిలక్షలకో ఒక పరాయి పరమాణువు ఉండనే ఉంటుంది. దారిలో పాతిన రాయికి చలి అయినా ఎండ అయినా ఒకటే. అందుచేత వణుకు తగ్గిపోయాక మలినాల వల్ల కలిగే నిరోధం ఒక్కటే మిగిలి, మారకుండా నిలిచిపోవాలి.

అయితే 1934లో అదే లైడెన్‌లో డి హాస్, డి బోర్, వాన్ డెన్ బెర్గ్ అనే ముగ్గురు ఒక వింత సంగతి ప్రకటించారు. వాళ్ళ బంగారు తీగ నిరోధం కొన్ని కెల్విన్‌ల దాకా తగ్గి, అక్కడ నిలవకుండా, మళ్ళీ మెల్లమెల్లగా పెరగసాగింది. గ్రాఫు గీస్తే ఒక లోయలాగా వచ్చింది. పెరుగుదల చాలా స్వల్పం. కాని అది కొలతలో పొరపాటు కాదు. ఎవరు ఎక్కడ కొలిచినా కొన్ని తీగల్లో ఆ లోయ కనిపించేది, కొన్నింట్లో కనిపించేది కాదు.

ఈ లోయ ముప్పై సంవత్సరాల పాటు శాస్త్రజ్ఞులను వేధించింది. అంత చిన్న సంగతిని పట్టుకుని అంతకాలం ఎందుకు బాధపడ్డారని మీరడగవచ్చు. ఆ రోజుల్లో లోహాల సిద్ధాంతం దాదాపు పూర్తయిందని అనుకునేవారు. ఆ సిద్ధాంతానికి పునాది ఒక్కటే: ఒక్కొక్క ఎలక్ట్రాను విడిగా, తన దారిన తాను పోతుంది, మిగతా కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను పట్టించుకోనక్కరలేదు. ఈ పద్ధతిలో లోహాల గుణాలు ఎన్నో చక్కగా లెక్కకు వచ్చాయి. బంగారు తీగలోని లోయ మాత్రం ఎంతకీ రాలేదు. అంటే లెక్కలో ఎక్కడో తప్పుండాలి, లేకపోతే పునాదిలోనే ఉండాలి.

చిక్కు విప్పినవాడు జున్ కొండో అనే జపాన్ భౌతిక శాస్త్రజ్ఞుడు. లోయ రహస్యం చెప్పిన ఆయన పేరు మన చెవికి కొండలాగా వినిపించడం కేవలం కాకతాళీయం. జపాన్ భాషలో ఆ పేరుకూ మన కొండలకూ ఏ సంబంధమూ లేదు.

కొండో 1930 ఫిబ్రవరి 6న టోక్యోలో పుట్టాడు. యుద్ధం ముగిసేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు, అంటే ఇంచుమించు మీ ఈడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదివి 1954లో పట్టం, 1959లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1963లో విద్యుత్ సాంకేతిక ప్రయోగశాలలో చేరాడు. అది విశ్వవిద్యాలయం కాదు, పరిశ్రమల శాఖ కింద పనిచేసే ప్రభుత్వ ప్రయోగశాల. అక్కడ కాగితం, పెన్సిలు పెట్టుకుని సిద్ధాంతపు లెక్కలు చేసేవాడు. చేరిన మరుసటి సంవత్సరమే, 1964లో, లోయ గురించిన వ్యాసం వెలువడింది.

కొండో మొదట గమనించింది తీగల జాబితా. లోయ ఏ తీగల్లో కనిపిస్తున్నది? ఇనుము, మాంగనీసు, క్రోమియం వంటివి కలిసిన వాటిలో. ఏ తీగల్లో కనిపించడం లేదు? జింకు వంటి మలినం మాత్రమే ఉన్నవాటిలో. వీటి మధ్య తేడా మీకు తట్టిందా? మొదటి రకం పరమాణువులు ఆ లోహంలో కూడా చిన్న చిన్న అయస్కాంతాలుగా మిగిలి ఉంటాయి. రెండో రకానివి ఉండవు. అదే 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మిరియం సరాచిక్ అనే ఆమె దీన్ని తిరుగులేకుండా చూపించింది. నియోబియం, మాలిబ్డినం లోహాలను వేర్వేరు పాళ్ళలో కలిపి, ప్రతిదానిలో నూటికి ఒక వంతు ఇనుము వేసి కొలిచింది. ఏ మిశ్రమంలో ఇనుము అయస్కాంతంగా ఉన్నదో అందులోనే లోయ వచ్చింది.

కనుక దారికి అడ్డం ఉన్నది మామూలు రాయి కాదు, దిక్కులు మార్చే అయస్కాంతం. ఎలక్ట్రాను కూడా ఒక బుల్లి అయస్కాంతమే. ఈ గుణాన్ని స్పిన్ అంటారు. అది పైకైనా ఉంటుంది, కిందికైనా ఉంటుంది. ఎలక్ట్రాను ఇనుప పరమాణువును ఢీకొన్నప్పుడు రెండూ తమ దిక్కులు మార్చుకోవచ్చు: పైకి ఉన్నది కిందికి, కిందికి ఉన్నది పైకి. వీధిలోని రాయిని వెయ్యిమంది దాటినా రాయి అలాగే ఉంటుంది. తోట గేటు అలా కాదు. ఒకడు తోసుకుపోతే తెరిచి ఉంటుంది, ఇంకొకడు వేసిపోతే మూసి ఉంటుంది. మీరు వచ్చేసరికి అది ఎలా ఉందన్నది మీ ముందు వెళ్ళినవాడి మీద ఆధారపడుతుంది.

ఎలక్ట్రానుకు, ఇనుముకు మధ్య ఇలాంటి అయస్కాంత సంబంధం ఉందని కొండోకు ముందే తెలుసు. దానితో నిరోధాన్ని లెక్కకట్టి చూశారు కూడా. లోయ రాలేదు. కాని వాళ్ళు లెక్కలో మొదటి మెట్టు దగ్గరే ఆగారు. ఇటువంటి లెక్కల్లో రెండో మెట్టు అంటే మొదటి జవాబుకు చిన్న సవరణ. శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ అని వదిలేయడం మామూలు. కొండో వదలకుండా రెండో మెట్టు కూడా ఎక్కి చూశాడు.

అక్కడ ఆయనకు కనిపించింది కాస్త నిదానంగా చదవండి. ఈ వ్యాసంలో కష్టమైన భాగం ఇదొక్కటే.

లోహంలో ఎలక్ట్రాన్లు నూతిలో నీళ్ళలాగా అడుగు నుంచి నిండి ఉంటాయి. ఒక స్థానంలో ఒకే ఎలక్ట్రాను ఉండాలన్నది 1925లో పౌలీ చెప్పిన నియమం. అందుచేత కింది స్థానాలన్నీ భర్తీ అయిపోయి, పైన ఖాళీలు ఉంటాయి. నిండిన భాగానికీ ఖాళీ భాగానికీ మధ్య ఉన్న హద్దే నీటి మట్టం. వేడిగా ఉంటే మట్టం దగ్గర అలలు; చల్లబడిన కొద్దీ అది అద్దంలాగా నిశ్చలమవుతుంది.

ఇప్పుడు మట్టం దగ్గర ఉన్న ఒక ఎలక్ట్రాను ఇనుమును ఢీకొని వేరే దిశలోకి మళ్ళాలి. ఒక్క గెంతులో పోతే అది మొదటి మెట్టు. మధ్యలో ఒక మజిలీ చేసుకుని రెండు గెంతుల్లో పోతే అది రెండో మెట్టు. ఈ మజిలీ ప్రయాణం రెండు విధాలుగా జరగవచ్చు. మొదటి విధంలో మన ఎలక్ట్రాను ముందు ఏదో ఒక ఖాళీ స్థానానికి పోయి, అక్కడి నుంచి గమ్యం చేరుతుంది. రెండో విధంలో, లోపల అప్పటికే కూర్చుని ఉన్న ఇంకో ఎలక్ట్రాను లేచి మన గమ్యానికి పోతుంది; అది ఖాళీ చేసిన చోట మనది కూర్చుంటుంది. ఎలక్ట్రాన్లకు పేర్లూ గుర్తులూ లేవు గనుక చివరికి రెండు విధాల్లోనూ జరిగింది ఒకటే.

మలినం మామూలు రాయి అయితే ఈ రెండు విధాలూ ఒకదాని లోటును ఒకటి పూడ్చుకుంటాయి. మొదటి విధంలో నిండిన స్థానాలు పనికిరావు. సరిగ్గా ఆ స్థానాల వాటాయే రెండో విధం నుంచి వస్తుంది. మొత్తం కలిపితే నూయి నిండుగా ఉందన్న సంగతే లెక్కలో నుంచి జారిపోతుంది. ఒక్క ఎలక్ట్రానే ఉన్నట్టు లెక్కకట్టినా జవాబు తేడా రాదు. పాత సిద్ధాంతం అన్నాళ్ళు చక్కగా పనిచేయడంలోని కిటుకు ఇదే.

మలినం గేటులాంటిదైతే? మొదటి విధంలో రెండు గెంతులూ ఒక వరసలో జరుగుతాయి, రెండో విధంలో తిరగబడిన వరసలో. మూడుకు ఐదు కలిపినా ఐదుకు మూడు కలిపినా ఒకటే. కాని పాలు కాచి తోడు వేస్తే పెరుగవుతుంది. తోడు వేసి కాస్తే విరిగి కూర్చుంటాయి. స్పిన్‌లు దిక్కు మార్చుకోవడం ఈ రెండో జాతి పని. వరస మారితే ఫలితం మారిపోతుంది. అందువల్ల రెండు విధాలూ ఒకదానినొకటి పూడ్చుకోలేవు. నూయి నిండుగా ఉందన్న సంగతి జవాబులో మిగిలిపోతుంది. ఎలక్ట్రాను తక్కిన ఎలక్ట్రాన్లన్నిటినీ పట్టించుకోక తప్పదు.

మిగిలిపోయిన ఆ భాగం నీటి మట్టం ఎంత నిశ్చలంగా ఉంటే అంత పెద్దదవుతుంది. చలి పెరిగిన కొద్దీ మట్టం నిశ్చలమవుతుంది, నిరోధం పెరుగుతుంది. ఎంత చొప్పున? ఉష్ణోగ్రత సంవర్గమానం చొప్పున అని కొండో లెక్క తేల్చింది. ఇందులో ఒక షరతు ఉంది. ఎలక్ట్రాను స్పిన్, ఇనుము స్పిన్ ఒకదానికొకటి ఎదురుగా ఉండడానికి ఇష్టపడాలి. ఒకే దిక్కున ఉండడానికి ఇష్టపడేవైతే పెరుగుదలకు బదులు తరుగుదల వచ్చేది.

సంవర్గమానం అనగానే పట్టిక గుర్తుకు వచ్చి బెదరకండి. దాని అర్థం ఇంతే: ఉష్ణోగ్రత పదోవంతు అయినప్పుడల్లా నిరోధం ఒకే మోతాదు పెరుగుతుంది. 10 నుంచి 1 కెల్విన్‌కు వస్తే ఎంతో, 1 నుంచి 0.1కు వస్తే కూడా అంతే.

లోయ ఎలా వస్తుందో మీరే గీసి చూడవచ్చు. కింది అంకెలు లెక్క సులువుగా ఉండడానికి నేను కల్పించినవి; పద్ధతి మాత్రం కొండోదే. మారని మలిన నిరోధం 10 అనుకోండి. వణుకు వల్ల కలిగేది చలిలో ఉష్ణోగ్రత ఐదో ఘాతాన్ని బట్టి మారుతుంది. ఆ ఘాతాన్ని ఒక లక్షతో భాగించండి. మూడో భాగానికి, 1 నుంచి ఉష్ణోగ్రత సంవర్గమానాన్ని తీసివేయండి. మూడూ కలపండి. 10 కెల్విన్ దగ్గర 11.00 వస్తుంది. 8 దగ్గర 10.42. 6 దగ్గర 10.30. 5 దగ్గర 10.33. 2 దగ్గర 10.70. 1 దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ 11.00! గ్రాఫు కాగితం మీద ఈ చుక్కలు పెట్టి కలపండి. లోయ అడుగు 6కు కాస్త పైన ఉంటుంది.

ఈ లెక్కలో ఒక చమత్కారం దాగి ఉంది. తీగలో ఇనుమును రెట్టింపు చేస్తే లోయ అడుగు ఎంత జరుగుతుంది? ఇనుము పెరిగితే సంవర్గమాన భాగం అంత పెరుగుతుంది. కాని దానితో పోటీపడే వణుకు ఐదో ఘాతం ప్రకారం పెరిగే గట్టి పిండం. లోయ అడుగు రెట్టింపు ఉష్ణోగ్రతకు జరగాలంటే ఇనుము రెండు ఐదో ఘాతం రెట్లు, అంటే 32 రెట్లు కావాలి. కొత్త చుక్కలు పెట్టి సరిచూసుకోండి: మారని భాగం 320, సంవర్గమాన భాగానికి 32 రెట్లు. అడుగు ఈసారి 12కు కాస్త పైన వస్తుంది. మలినాన్ని ఎంతో పెంచినా లోయ కొద్దిగానే జరగడం ప్రయోగశాలల్లో ముందే చూశారు. అదెందుకో ఇప్పుడు తెలిసింది. లక్షకు ఏ కొన్నో ఇనుప పరమాణువులున్న బంగారం మీద అంతకు ముందే చేసిన కొలతల పక్కన కొండో తన సూత్రంతో గీసిన గీత పెడితే, చుక్కలు గీత మీదనే కూర్చున్నాయి.

ముప్పై ఏళ్ళ చిక్కు వీడింది. ఇక్కడితో కథ ముగిసి ఉంటే దాన్ని కొండో ఫలితం అని మాత్రమే పిలిచేవారు. కాని భౌతిక శాస్త్రజ్ఞులు కొండో సమస్య అని కూడా అంటారు.

మీ గ్రాఫులోనే చూడండి. 0.1 కెల్విన్ దగ్గర నిరోధం 12, 0.01 దగ్గర 13, ఆ తరవాత 14... ఎక్కడా ఆగదు. పరమశూన్యం దగ్గర అనంతం కావాలి. కెల్విన్ దొర చెప్పినది దొడ్డిదారిన తిరిగి వచ్చినట్టుంది! కాని లక్షకు కొన్ని పరమాణువుల ఇనుము నిరోధాన్ని అనంతం చేయలేదు. ఒక్కొక్క పరమాణువు కలిగించగల అడ్డంకికి క్వాంటం సిద్ధాంతమే ఒక పై హద్దు పెట్టింది. రెండో మెట్టు చిన్న సవరణ అనుకున్నారు కదా? బాగా చలిలో అది మొదటి మెట్టును మించిపోతున్నది. అలా అయితే మూడో మెట్టు రెండోదాన్ని, నాలుగోది మూడోదాన్ని మించిపోతాయి. మెట్ల పద్ధతే కూలిపోతుంది. తాను ఎక్కడ పనికిరాకుండా పోతుందో ఆ ఉష్ణోగ్రతను కొండో సూత్రమే పట్టి ఇచ్చింది. దానికి కొండో ఉష్ణోగ్రత అని పేరు. బంగారంలోని ఇనుముకు అది ఒక కెల్విన్‌కు కాస్త అటూ ఇటూ. కొన్ని మిశ్రమాల్లో వందల కెల్విన్‌లు.

తరవాతి పదేళ్ళలో ఎందరో దీని వెంట పడ్డారు. రష్యాలో అబ్రికోసోవ్, జపాన్‌లోనే నగఓకా, యోసిదా, అమెరికాలో ఆండర్సన్. కొండో ఉష్ణోగ్రతకు దిగువన ఏం జరుగుతుందో మెల్లగా బొమ్మ కట్టింది. ఇనుము స్పిన్ చుట్టూ ఎలక్ట్రాన్లు మూగుతాయి. అది పైకి ఉంటే ఇవి కిందికి, అది కిందికి ఉంటే ఇవి పైకి. అన్నీ కలిసి ఆ అయస్కాంతాన్ని ఒక మబ్బులాగా కమ్మివేస్తాయి. బయటి నుంచి చూసేవారికి అక్కడ అయస్కాంతమే కనిపించదు. గేటు బిగుసుకుపోయి మళ్ళీ రాయి అయిపోతుందన్నమాట. ఇక నిరోధం పెరగదు. పై హద్దు దగ్గర నిలిచిపోతుంది.

బొమ్మ సరే, అంకెలు ఎలా? 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు కెన్నెత్ విల్సన్ వాటిని రాబట్టాడు. ప్రతి పదోవంతుకూ ఒకే మోతాదు వాటా వస్తున్నది గనుక ఏ పదోవంతునూ వదలడానికి వీల్లేదు. కాబట్టి ఆయన సమస్యను ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా విడదీశాడు. ఒక పొర లెక్క కంప్యూటరు మీద చేసి, దాని ప్రభావాన్ని తరవాతి పొరకు అప్పగించి, అలా లోలోపలికి పోయాడు. ఇదే ఆలోచనా పద్ధతితో పదార్థాలు ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడాన్ని వివరించినందుకు ఆయనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. 1980లో ఆంద్రెయ్, వీగ్‌మన్ అనే ఇద్దరు విడివిడిగా కొండో సమస్యకు కచ్చితమైన గణిత సాధన కూడా కనుగొన్నారు. సవరణ అని అందరూ వదిలేసిన ఒక పదం నుంచి ఇంత కథ నడిచింది.

కొండోకు నోబెల్ రాలేదు. ఇది అన్యాయమని అనేవారున్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ ప్రభుత్వ ప్రయోగశాలలోనే పనిచేసుకుంటూ పోయాడు. లోహంలో దూరిన మ్యూఆన్ వంటి తేలిక కణాలు కదలబోతే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు వాటి కాళ్ళకు ఎలా అడ్డం పడతాయో లెక్కకట్టాడు. ఇదీ ఒంటరి కణానికీ గుంపుకూ మధ్య జరిగే వ్యవహారమే. తరవాత తోహో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. 2005లో తన పరిశోధన గురించి ఒక వ్యాసం రాస్తూ దానికి నా పొదను వదలకుండా ఉన్నాను అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. రేగుపళ్ళకు పోయినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. నలుగురూ కొత్త కొత్త పొదల వెంట పరుగెత్తుతుంటే ఒకడు ఒకే పొద దగ్గర నిలబడి కోసుకుంటూ ఉంటాడు.

ఆ పొద ఎంత పెద్దదో లోకానికి తెలిసింది 1970ల తరవాతనే. ఇంతవరకూ మనం చెప్పుకున్నది లక్ష బంగారపు పరమాణువుల మధ్య ఏకాకిగా ఉన్న ఇనుము సంగతి. స్ఫటికంలో ప్రతి గడిలోనూ ఒక అయస్కాంత పరమాణువును కూర్చోబెడితే ఏమవుతుంది? సీరియం అనే లోహంతో అలాంటి పదార్థాలు తయారు చేయవచ్చు. 1975లో సీరియం, అల్యూమినియం కలిసిన ఒక పదార్థాన్ని అర కెల్విన్ కంటే తక్కువకు చల్లబరిచి చూస్తే, అందులో ఎలక్ట్రాన్లు తమ మామూలు బరువుకు సుమారు వెయ్యి రెట్లు బరువున్నట్టు ప్రవర్తించాయి. ఎలక్ట్రాను నిజంగా లావెక్కలేదు. తిరునాళ్ళలో నలుగురి చేతులూ పట్టుకుని నడిచేవాడు ఒంటరిగా నడిచేవాడంత చురుగ్గా కదలలేడు కదా, అలాంటిది.

1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిచ్, ఆయన సహచరులు ఇంకా వింత సంగతి చెప్పారు. సీరియం, రాగి, సిలికాన్ కలిసిన పదార్థం అర కెల్విన్ ప్రాంతంలో అతివాహకం అయింది. అప్పటి దాకా అయస్కాంత మలినాలు అతివాహకత్వానికి బద్ధ శత్రువులని పేరు. నూటికి ఒక వంతు చేరినా దాన్ని చంపివేసేవి. ఇక్కడ ప్రతి గడిలోనూ ఆ శత్రువే ఉంది. ఆ మాట విన్న చాలామంది మొదట నమ్మలేదు. ఇలాంటి పదార్థాలన్నిటినీ కలిపి ఇప్పుడు బలంగా పెనవేసుకున్న ఎలక్ట్రాన్ల పదార్థాలంటున్నారు. 1986లో బయటపడిన, రాగి, ఆక్సిజన్ పొరలున్న అతివాహకాలు కూడా ఈ కోవకే చెందుతాయి. వాటిలో ఎలక్ట్రాన్లు ఎలా జతకడుతున్నాయో అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా దొరకలేదు.

కొండో మబ్బు మాటేమిటి? కొన్ని పరమాణువుల దగ్గర దాని జాడ 1998లోనే దొరికింది. ఆ ఏడాది, ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా బంధించే అతిచిన్న గదిని అర్ధవాహకంలో కట్టి, అందులో బేసి సంఖ్యలో ఎలక్ట్రాన్లను ఉంచి, ఇనుప పరమాణువుకు బదులు దాన్నే వాడారు. కొండో చెప్పిన లక్షణాలన్నీ కనిపించాయి. తమాషా ఏమిటంటే, ఇక్కడ మబ్బు కమ్మితే విద్యుత్తు ప్రవాహం తగ్గకుండా పెరుగుతుంది. గది గోడలను దాటడానికి ఆ మబ్బే వంతెన అవుతుంది. కాని మబ్బు ఎంత దూరం వ్యాపించి ఉంటుందో కొలవడం ఎవరి చేతా కాలేదు. సిద్ధాంతం ప్రకారం అది వేలకొద్దీ పరమాణువుల దూరం ఉండాలి. చాలాకాలం కొలతకు చిక్కకపోవడంతో, అసలది ఉన్నదా లేక లెక్కలో మాత్రమే ఉన్నదా అని అనుమానించినవారున్నారు.

2020లో జపాన్, హాంకాంగ్, దక్షిణ కొరియాలకు చెందిన శాస్త్రజ్ఞులు దాన్ని కొలిచారు. అలాంటి బుల్లి గదికి దూరంగా, వేర్వేరు చోట్ల చిన్న చిన్న విద్యుత్ తలుపులు అమర్చి, ఒక్కొక్క తలుపును కదిలించి, ఆ కదలిక గదిలోని స్పిన్‌కు తెలుస్తున్నదా లేదా అని చూశారు. మబ్బు లోపలి తలుపును కదిపితే తెలిసింది. బయటి తలుపును కదిపితే తెలియలేదు. మబ్బు కొన్ని మైక్రోమీటర్ల మేరకు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతుకు కొన్ని రెట్ల దూరం, పరుచుకుని ఉంది. ఒక్క స్పిన్‌ను కమ్ముకోవడానికి అంత పెద్ద మబ్బు!

ఆ సంవత్సరం కొండోకు తొంభై ఏళ్ళు. అదే ఏడాది జపాన్ ప్రభుత్వం ఆయనకు సంస్కృతి పతకాన్ని ఇచ్చింది. 2022 మార్చి 11న ఆయన కన్నుమూశాడు. సీరియం పదార్థాల్లో ప్రతి గడి చుట్టూ మబ్బు కమ్మాలంటే అవి ఒకదాని మీద ఒకటి ఎన్ని పొరలుగా పడాలో, అన్నిటికీ సరిపడా ఎలక్ట్రాన్లు మట్టం దగ్గర ఎక్కడి నుంచి వస్తాయో అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.